మొక్కుకున్న మాత్ర

బాలసరస్వతి ప్రతి ఉదయం స్నానం చేసి, ముఖానికీ పాదాలకూ పసుపు రాసుకుని, తడి జుట్టును తువ్వాలులో చుట్టుకుని నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళేది. కాఫీ సంగతి ఆ తర్వాతే. దీపం వెలిగించి, వెంకటేశ్వరస్వామి పటం వెనక చెయ్యి పెట్టి, అక్కడ దాచుకున్న మాత్రల అట్ట తీసేది. ఒక మాత్ర నొక్కి తీసి అరచేతిలో పెట్టుకునేది. తులసిదళం వేసిన తీర్థం ఉద్ధరిణెతో పోసుకుని, దాంతో మాత్ర మింగేది. తలుపు సందులోంచి ఎవరైనా చూసినా తీర్థం పుచ్చుకుంటోందనే అనుకుంటారు. నిజం చెప్పాలంటే ఆమె కూడా అలాగే అనుకునేది. డాక్టరమ్మ ఇచ్చినప్పుడు అది మందు. ఆమె చేతిలోకి వచ్చాక మొక్కు అయింది.

వాళ్ళది మద్రాసులో, చూలై పేటలో పసుపు, కుంకుమ టోకు వ్యాపారం చేసే కుటుంబం. కింద గోడౌను, పైన కాపురాలు. ఈరోడు నుంచి పసుపు బస్తాలు లారీలో వచ్చి దిగేవి. మరపట్టించిన పసుపును చిన్న చిన్న కవర్లలో పోసి, కొవ్వొత్తి మంట దగ్గర అంచు అతికించే పని మునియక్కా, ఆమెతోపాటు వచ్చే ఆడవాళ్ళూ చేసేవారు. ఆ ఇంట్లో గోడలు పసుపు, తలుపుల గొళ్ళాలు పసుపు, ఉతికి ఆరేసిన తెల్లచొక్కాల కాలర్లు పసుపు. పెద్దాయన వెంకటాచలం అంగడి చూసుకునేవాడు. తమ్ముడు శేషాచలం ఊళ్ళోని చిల్లర అంగళ్ళకు సరుకు వేసి వచ్చేవాడు. పెద్దాయన భార్య సీతాలక్ష్మి తన పిల్లలతోపాటు ఇంటి పెత్తనమంతా చూసేది. శేషాచలం భార్య మన బాలసరస్వతి. వాళ్ళకు చిన్మయి అని బడికి పోయే ఒక్క కూతురు.

సీతాలక్ష్మి నోరు పెద్దది. తోడికోడలు పొద్దున కొంచెం ఆలస్యంగా లేస్తే, "ఏమే, మహారాణీవారికి మేలుకొలుపు పాడేదానికి మనుషుల్ని పంపించమంటావా?" అనేది. అంటూనే ఆమె వంతు కాఫీ కూడా కలిపి, చల్లారకుండా గ్లాసు మీద మూత పెట్టి ఉంచేది.

ఆ ముందటి ఏడు బాలసరస్వతికి ఒక జబ్బు చేసింది. జ్వరం కాదు, నొప్పి కాదు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకమ్మా అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర కారణమే లేదు. కూర కలుపుతూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. కూతురు వచ్చి కొంగు లాగితే, ఎవరి పిల్లో అన్నట్టు చూసేది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. ఆ వేళ గుండె మీద తడిసిన బస్తా పెట్టినట్టుండేది. ఇంకొక పగలు రాబోతోందే, దీన్ని ఎట్లా దాటాలిరా భగవంతుడా అని భయం. ఒకనాడు మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్ళి, పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తూ ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. వెనకనుంచి శేషాచలం వచ్చి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు. ఆ మర్నాడే మైలాపూరులో మనసు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

మైలాపూరు ఎందుకంటే, చూలైలోగాని పురసవాక్కంలోగాని అటువంటి డాక్టరు గుమ్మంలో నిలబడితే అటు పోయే పదిమందిలో ఒకరన్నా తెలిసినవాళ్ళుంటారు. ఇంట్లో మాత్రం కపాలీశ్వరుడి గుడికని చెప్పారు. శేషాచలం అబద్ధం ఆడలేని మనిషి. చెప్పింది అబద్ధం కాకూడదని, డాక్టరమ్మ దగ్గరినుంచి నిజంగానే గుడికి తీసుకెళ్ళి, ప్రసాదం దొన్నె ఇంటికి పట్టుకొచ్చేవాడు. సీతాలక్ష్మి అది కళ్ళకద్దుకుని తిని, "మీ ఇద్దరికీ ఉన్నట్టుండి యాడలేని భక్తి పుట్టుకొచ్చిందబ్బా," అనేది.

డాక్టరమ్మ నిదానస్తురాలు. "ఇది కూడా ఒంటికొచ్చే జబ్బేనమ్మా. మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. నాకు చెప్పకుండా ఆపొద్దు. ఒంట్లో ఏ తేడా కనిపించినా వెంటనే రండి," అని ఆమెకు వచ్చిన తెలుగులో చెప్పి పంపింది.

కొన్ని వారాలు పట్టనే పట్టింది. ఒక ఉదయం బాలసరస్వతి మెట్లు దిగుతుంటే ఘాటుగా ఏదో వాసన తగిలింది. పసుపు వాసన. అన్ని నెలలుగా పసుపులోనే బతుకుతూ ఆ వాసనే ఎరగలేదామె. గోడౌనులోకి వెళ్ళి, విప్పిన బస్తా మీద ముఖం పెట్టి గుండెలనిండా పీల్చింది. మునియక్క కొవ్వొత్తి ఆర్పి, "చిన్నమ్మా, ఏం పోగొట్టుకున్నావు దాంట్లో?" అని నవ్వింది. తానూ నవ్వింది. ఆ నవ్వు తన చెవులకే కొత్తగా వినిపించి ఏడ్చింది.

ఆ రోజే పసుపుబట్టలో కానుక చుట్టి ముడుపు కట్టింది. స్వామీ, నువ్వే ఈ మాత్రలో ఉండి నన్ను పైకి తీశావు. ఏడాదిపాటు ఒక్క పూట తప్పకుండా నీ ఎదుటే మింగుతాను, ఏడాది నిండగానే కొండకొచ్చి తలనీలాలిస్తాను అని మొక్కుకుంది. శేషాచలానికి చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుని సరేనన్నాడు.

ముడుపు కట్టాక ఇద్దరికీ ఎంత ధైర్యం వచ్చిందంటే, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడమే మానేశారు. స్వామి చూసుకుంటున్నాడు గదా అనుకున్నారు. పాత చీటీ చూపించి శేషాచలం మందుల అంగట్లో కొన్ని నెలలకు సరిపడా అట్టలు ఒకేసారి కొనుక్కొచ్చేవాడు. మంచివాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి. చేసేటప్పుడు అవి భక్తిలాగే కనిపిస్తాయి.

మద్రాసు పేరు మారి చెన్నై అయింది ఆ రోజుల్లోనే. బస్సుల మీద కొన్నిటికి పాతపేరు, కొన్నిటికి కొత్తపేరు ఉండేది. వానలు మొదలయ్యాయి. బాలసరస్వతికి అన్నం సహించడం మానేసింది. మెట్లెక్కితే కాళ్ళు లాగేసేవి. మధ్యాహ్నం పడుకుంటే లేవబుద్ధి కాదు. అరచేతులూ అరికాళ్ళూ దురద.

అన్నం వద్దనిపించడం, లేవలేకపోవడం... పోయినేడు మొదట్లోనూ ఇలాగే కాదూ? మళ్ళీ వస్తోంది. అదే వస్తోంది. మొక్కులో ఏదో లోపం జరిగింది. మైలపడ్డ రోజుల్లో దేవుడి గదిలోకి పోకుండా వసారాలోనే మింగింది, అదేమో! ఎవరితోనూ చెప్పలేదు. మొగుడికి చెబితే ఆయన మళ్ళీ రాత్రింబగళ్ళు తనను కనిపెట్టుకుని కూర్చుంటాడు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు కూడా పటం వెనక చెయ్యి పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నీళ్ళలో మునిగేవాడు తాను పట్టుకున్న తాడే కిందికి లాగుతోందని ఎట్లా అనుకుంటాడు?

ఒళ్ళు రంగు తిరగడం ఎవరికీ కనిపించలేదు. ఎట్లా కనిపిస్తుంది? రోజూ పసుపు రాసుకునే ముఖం. పసుపు గోడౌనులో తిరిగే చేతులు. మూత్రం టీ డికాషను రంగులో పోతుంటే, వేడి చేసిందని మజ్జిగ తాగింది.

దీపావళినాడు తెల్లవారుజామున ఆడవాళ్ళందరికీ సీతాలక్ష్మే తలంటు పోసేది. ఆ ఇంటి ఆనవాయితీ అది. పెద్దకోడలు పీట మీద కూర్చోబెట్టి నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టాలి. బాలసరస్వతిని కూర్చోబెట్టి ముఖం మీది పసుపూ నూనే సున్నిపిండితో గట్టిగా రుద్ది కడిగింది. "తల ఎత్తవే, కంట్లో పిండి పడ్డాది," అంటూ గడ్డం పట్టుకుని దీపం వైపుకు తిప్పింది. తిప్పి ఆగిపోయింది.

"ఏందే బాలా, పసుపు కంట్లోగూడా పూసుకున్నావా?"

బాలసరస్వతి నవ్వబోయింది. సీతాలక్ష్మి నవ్వలేదు. తువ్వాలుతో చెక్కిళ్ళు తుడిచింది. తువ్వాలుకు ఏమీ అంటలేదు. మళ్ళీ తుడిచింది. రంగు చర్మం కిందనుంచి వస్తోంది.

"అయ్యో రామా, కామెర్లే ఇవి! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకోనుండావే?"

బయట వీధంతా టపాకాయలు పేలుతున్నాయి. ఒక్కొక్క చప్పుడుకూ బాలసరస్వతి ఉలిక్కిపడుతోంది. కామెర్లు అన్న మాట విన్నప్పుడు మొదట ఆమెకు కలిగింది ఊరట. అయితే అది కాదు, ఆ చీకటి కాదు! వెంటనే రెండో భయం వచ్చింది. కామెర్లకు పథ్యం పెడతారు. పథ్యంలో ఉన్నవాళ్ళు వేరే మందు మింగకూడదంటారు. మరి మొక్కు?

ఆ సాయంత్రమే సీతాలక్ష్మి నేలవుసిరి మొక్కలు తెప్పించి వేళ్ళతో సహా నూరి, మజ్జిగలో కలిపి తెచ్చింది. ఆ పసరు ఇచ్చేముందు ఆమెకు వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. తాగేవాళ్ళను తూర్పుముఖంగా నిలబెట్టి అడగాలి.

"నిజం చెప్పు. వేరే మందు ఏమన్నా తింటా ఉండావా?"

"లేదక్కా."

"డాక్టరు మందు, హోమియోపతి, దర్గాలో ఇచ్చినవి, ఏమీ లేవా?"

"ఏమీ లేవు."

"సరి, తాగు. మూతి ముడవబాక. నూరేటప్పుడు నా చేతులు ఎంత కంపు కొట్టినాయో నీకేం తెలుసు."

మర్నాటినుంచి ఉప్పు లేదు, నూనె లేదు. పొద్దున్నే పసరు తీసుకుని సీతాలక్ష్మి గుమ్మంలో నిలబడేది. అప్పటికే బాలసరస్వతి దేవుడి గదిలోంచి వచ్చేసి ఉండేది. మునియక్క మధ్యాహ్నం తన సొంత లోటా తీసుకెళ్ళి చెరకురసం పోయించుకొచ్చేది. ఐసు వెయ్యొద్దంటే ఆ బండివాడు వేశాడని వాడితో తగవు పెట్టుకుని, ఆ రసం పారబోయించి కొత్తగా పిండించేది. ఇందరు ఇంత ప్రేమగా చూస్తుంటే బాలసరస్వతి లోపల్లోపల లెక్క వేసుకునేది. వీళ్ళు పోసేదంతా ఒకవైపు, తాను మింగేది ఒకవైపు. ఏది గెలుస్తుందో? చెబుదామా అని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? మాత్ర ఆపేస్తారు. మొక్కు పోతుంది. మొక్కు పోతే పిట్టగోడ దగ్గర నిలబడ్డ ఆ మనిషి మళ్ళీ వస్తుంది. లివరు పాడైతే చచ్చిపోతామని ఆమెకు తెలుసు. కాని ఆ మనిషి మళ్ళీ రావడం దానికంటే భయం.

రంగు తగ్గలేదు. ఇంకా ముదిరింది. ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళనుంచి రక్తం వచ్చింది. పుక్కిలించింది, వచ్చింది. ఉప్పునీళ్ళు పోసుకుంది, మళ్ళీ వచ్చింది. తెల్లటి గచ్చు మీద ఆ ఎర్రనీళ్ళు ఆగకుండా కాలవలోకి పోతుంటే చూస్తూ, కేక వెయ్యడానికి కూడా భయపడి నిలబడింది. సీతాలక్ష్మి పసరు గ్లాసుతో వచ్చి చూసింది. గ్లాసు గోడ పక్కన పెట్టేసింది.

"ఇంక నా పసరుతో అయ్యే పని గాదు. అబ్బాయా శేషాచలం! ఆటో పిలువు. ఉండేదున్నట్టే రా."

కీళ్పాక్కంలో కడుపుజబ్బులు చూసే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళారు. యువకుడు. మొదట కళ్ళ రెప్పలు లాగి చూశాడు. పొట్ట నొక్కి చూశాడు. రక్తం తీయించాడు. ఆ రిపోర్టు వచ్చేదాకా బల్ల మీద కూర్చోబెట్టి, వచ్చాక లోపలికి పిలిచాడు. కాగితం చూసి ఆయన ముఖం మారడం ముగ్గురూ చూశారు.

"లివరు బాగా దెబ్బతిన్నదమ్మా. మామూలు కామెర్లు ఇంత తొందరగా ఇట్లా చెయ్యవు. ఏమైనా మందులు వాడుతున్నారా?"

శేషాచలం తన చెప్పుల వైపు చూశాడు. ఇంట్లో ఎవరి ఎదుటా ఆ సంగతి ఎత్తనని పెళ్ళానికి చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేసిన మనిషి.

"ఆలోచించి చెప్పండి. నిద్రకు, నొప్పులకు, దేనికైనా సరే."

అప్పుడు సీతాలక్ష్మి కుర్చీ ముందుకు జరుపుకుంది. "డాక్టర్ సార్, నేను దీనికి అక్క లెక్క. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నేను పోసిన పసరు తప్ప ఏ మందూ లేదు. పొద్దున లేస్తే తీర్థం తప్ప పచ్చినీళ్ళు గూడా నోట్లో పొయ్యదు ఈ పిల్ల. కావాలంటే నా పిల్లల మీద ఒట్టు పెట్టి చెప్తాను."

ఒట్టు అన్న మాట వినగానే బాలసరస్వతి తలెత్తి చూసింది. అక్క తన పిల్లల మీద ఒట్టు పెట్టబోతోంది. అబద్ధమని తెలియక, తనమీది నమ్మకంతో, దేవుడి లాంటి పిల్లల మీద! ఆ క్షణంలో లివరు గుర్తు లేదు, చీకటి గుర్తు లేదు. చెయ్యి చాచి సీతాలక్ష్మి నోటికి అడ్డం పెట్టింది.

"వద్దక్కా! ఒట్టు పెట్టొద్దు. ఆ తీర్థంలో మాత్ర ఉండాది."

శేషాచలం జేబులోంచి మడతలు పడి చిరిగిపోతున్న చీటీ తీసి డాక్టరు ముందు పెట్టాడు. డాక్టరు చదివి, ఎంతకాలంగా అన్నాడు. చెప్పారు. రోజుకు ఎన్ని అన్నాడు. ఒకటని శేషాచలం అన్నాడు. రెండని బాలసరస్వతి అంది. శేషాచలం తలెత్తి ఆమె వైపు చూశాడు.

డాక్టరు కోప్పడలేదు. కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని చెప్పాడు. "ఈ మందు చెడ్డది కాదమ్మా. చాలామందిని నిలబెట్టింది, మిమ్మల్నీ నిలబెట్టింది. ఎక్కడో ఒకరికి మాత్రం లివరుకు పడదు. అది ముందుగా ఎవరికీ తెలియదు. మధ్యమధ్య డాక్టరుకు చూపించుకుని ఉంటే ముందే పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఈ నిమిషంనుంచి ఆపాలి."

"ఇంకా ఏడాది నిండలేదండీ," అంది బాలసరస్వతి.

"ఏమిటి?"

"ఏడాది మొక్కుకున్నాను. ఆపితే..." ఆపైన చెప్పలేక ఏడ్చింది.

వెంటనే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. రక్తం గడ్డకట్టడానికి సూదులు వేశారు. లివరు తనంతట తాను తేరుకుంటుందా లేదా అన్నది ఈ వారంలో తేలుతుందని, మనిషి మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా వెంటనే పిలవమని నర్సు లూర్దుమేరి సీతాలక్ష్మికి చెప్పి వెళ్ళింది. దానితో సీతాలక్ష్మి మాటిమాటికీ, "ఏమే, నా పేరేంది? నీ కూతురు ఏ క్లాసు?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నలు తప్ప వేరే మాట ఆడలేదు. ముఖం గంటు పెట్టుకునే ఉంది. బాలసరస్వతి కళ్ళు మూసుకుంటే, ఇది మామూలు నిద్రేనా అని తనకే భయం. తెరిస్తే సీతాలక్ష్మి ముఖం చూడాలని భయం.

రెండోనాటి మధ్యాహ్నం సీతాలక్ష్మి బత్తాయి ఒలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ మైలాపూరు ప్రసాదమంతా ఇదేనా?"

"ఊఁ."

"నాకొక మాట చెప్పుంటే నేనేం చేసేదాన్ననుకున్నావు?"

"పిచ్చిదనేదానివి."

సీతాలక్ష్మి ఒక తొన విడదీసింది. "ఆమా. అనుండేదాన్నే," అంది. తొన మీది పీచు తీసి ఆమె చేతిలో పెట్టింది. "అని, మందు టయానికి నేనే ఇచ్చుండేదాన్ని. కళ్ళు పచ్చబడితే మొదటిదినమే చూసుండేదాన్ని. నోటిమాటకు భయపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటారటే? నా నోరు ఎప్పుడన్నా మంచిగుండిందా?"

బాలసరస్వతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"తూర్పుముఖంగా నిలబెట్టి అడిగితే లేదంటివే! దాన్ని మాత్రం నేను మరచిపోను," అంది సీతాలక్ష్మి.

కాసేపటికి శేషాచలం కూతుర్ని తీసుకొచ్చాడు. చిన్మయి తల్లి పక్కన ఎక్కి కూర్చుని, "అమ్మా, ఎప్పో వస్తావు? పెద్దమ్మ లేదని మునియక్క జడేసింది. మిస్సు చూసి, యారు వేసిందని అడిగి నవ్వింది," అంది. తల్లి ఆ జడ విప్పి మళ్ళీ అల్లబోయింది. వేళ్ళకు బలం చాలలేదు. సగం అల్లి వదిలేస్తే మిగిలింది సీతాలక్ష్మి అల్లింది.

కూతురు నీళ్ళ కోసం బయటికి వెళ్ళగానే బాలసరస్వతి మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మొక్కు తప్పితే..." అంది. దేవుడంటే ఆయనకూ అంతే భయం.

సీతాలక్ష్మే అందుకుంది. "స్వామి ఏమన్నా కంపౌండరా, పొద్దున మింగినావా రాత్రి మింగినావా అని లెక్క చూస్తా కూచునేదానికి? ఆడ అంతమంది ఆయన కోసం నిలబడుంటే నీ మాత్ర ఒకటే ఉండాదా ఆయనకు పని? నీ తలనీలాలు నీ తలమీద ఉండాయి, యాడికీ పోలేదు. ఒళ్ళు కుదురుకున్నాక ఇద్దువుగాని. నేనూ వస్తాను. ఏమన్నా అంటే నన్ననమను."

ఆ మాటల్లో ఏ శాస్త్రం ఉందో తెలియదు. కాని శేషాచలం చేతులు జోడించాడు. దేవుడికో వదినకో చెప్పడం కష్టం.

ఆ వారం గడిచింది. రక్తపరీక్షకు సూది గుచ్చిన ప్రతిసారీ బాలసరస్వతి కళ్ళు మూసుకుని గోవిందనామాలు చెప్పుకునేది. ఒకనాడు డాక్టరు కాగితం చూసి మొదటిసారి, "దిగుతోంది," అన్నాడు. ఆ ఒక్క మాటకే సీతాలక్ష్మి లేచి వెళ్ళి లూర్దుమేరిని కావలించుకుంది. పచ్చదనం వెంటనే పోలేదు. మెల్లగా, కళ్ళ మూలలనుంచి మొదలుపెట్టి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. డాక్టరు మైలాపూరు డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడాడు. లివరు పూర్తిగా సర్దుకున్నాక వేరే మందు చూద్దామని, అందాకా మనిషిని ఒంటరిగా వదలొద్దని, ఏ కొంచెం తేడా వచ్చినా తన దగ్గరికి తీసుకురమ్మని ఆమె చెప్పిందట.

ఇంటికొచ్చాక అందరూ గండం గడిచిందన్నారు. వెంకటాచలం బావగారు వీధిలో తెలిసినవాళ్ళందరికీ కామెర్లు తగ్గాయని చెప్పుకున్నాడు. బాలసరస్వతికి మాత్రం గండం ఇంకో వైపునుంచి వస్తోందేమోనని భయం. పటం వెనక చెయ్యి పెడితే గోడ తగులుతోంది. ఇప్పుడు తనకూ ఆ చీకటికీ మధ్య అడ్డంగా ఏమీ లేదు. ఎవరైనా నవ్వితే, నాకు నవ్వు వచ్చిందా లేదా అని లోపల తడుముకుని చూసుకునేది. అన్నం కొంచెం మిగిలితే బలవంతాన తినేసేది.

ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఇంకా వెలుతురు రాలేదు. గుండె మీద బరువుగా ఉంది. గాలి లేక ఉక్కపోతేమో అనుకుంది. కిటికీ తెరిచింది. బరువు పోలేదు. ఆ పాత బరువేనా, భయపడటంవల్ల వచ్చిన బరువా? చెప్పేవాళ్ళు లేరు. మొగుడు పక్కన నిద్రపోతున్నాడు. ఆయనను లేపితే ఆ మంచి ముఖంలో మళ్ళీ ఆ బెంగ చూడాలి. లేచి, గోడ పట్టుకుని వంటింటివైపు నడిచింది.

సీతాలక్ష్మి పాల గిన్నె పొయ్యి మీద పెట్టి, ఎదురుగా పీట మీద కూర్చుని కూర తరుగుతోంది.

"ఏందే, ఇంత పొద్దున్నే? మహారాణీవారికి దోమలు కుట్టినాయా?"

బాలసరస్వతి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. సీతాలక్ష్మి కత్తిపీట పక్కకు వాల్చేసింది.

"అక్కా, నాకొక సాయం చెయ్యాలి."

"చెప్పు."

"అది మళ్ళీ వస్తే... వచ్చేటప్పుడు నాకు తెలుస్తాది. వచ్చినాక నాకు తెలీదు. అప్పుడు అదే నిజమనిపిస్తాది. నాకేమీ లేదు, బాగానే ఉండాను అంటాను. ఆయనకు మనసు మెత్తన, నేను ఏడిస్తే ఒప్పుకుంటాడు. నువ్వు ఒప్పుకోబాక. నేను గోడవైపు తిరిగి పడుకుని లేవకపోతే, ఒళ్ళుబరువని తిట్టేసి ఊరుకోబాక. నన్ను లేపి డాక్టరమ్మ దగ్గరికి లాక్కోనిపో. రానంటాను. ఏడుస్తాను. నిన్ను నానామాటలంటాను, నువ్వెవరు నాకు అంటాను. దేవుడి మీద ఒట్టు పెట్టినా వినొద్దు. ఎవరు చూసినా సరే, ఏమనుకున్నా సరే. వీధిలో ఈడ్చుకోనైనా పో. పోతావా అక్కా?"

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సీతాలక్ష్మి లేచి మంట తగ్గించింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ మైలాపూరు డాక్టరమ్మ ఉండే వీధి పేరేంది?" అని అడిగింది.